ఉపాధ్యక్ష అభ్యర్థి వల్ల ఓట్లు వస్తాయా? సీ-స్పాన్ వీడియో లైబ్రరీపై సమీక్ష

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి తనకు జోడీగా ఎంచుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి వల్ల ఓట్లు పెరుగుతాయా, తరుగుతాయా అన్న వాదన నాలుగేళ్లకోసారి తప్పక వస్తుంది. ఆ వాదనకు దిగే ముందు చూడవలసిన చోటు సీ-స్పాన్ వీడియో లైబ్రరీ. కేబుల్ సంస్థలు చెల్లించే రుసుముతో 1979 నుంచి నడుస్తూ, చట్టసభల సమావేశాలను, రాజకీయ సభలను ప్రసారం చేసే సీ-స్పాన్ చానల్, తాను భద్రపరచిన ప్రసారాలను 2010లో ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టింది. సభ మొదలైనప్పటి నుంచి ముగిసేవరకు మధ్యలో ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా చూడగలగడమే దీని అసలు విలువ.

1988 అక్టోబరు 5న ఒమాహాలో డెమొక్రటిక్ ఉపాధ్యక్ష అభ్యర్థి లాయిడ్ బెంట్సన్‌కు, రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి డాన్ క్వేల్‌కు మధ్య జరిగిన చర్చనే తీసుకుందాం. క్వేల్ తనను మాజీ అధ్యక్షుడు కెనెడీతో పోల్చుకోగా బెంట్సన్ గట్టిగా బదులిచ్చిన ఘట్టం మాత్రమే చాలామందికి తెలుసు. మొత్తం చర్చ చూస్తే, అనుకోకుండా అధ్యక్ష బాధ్యత మీద పడితే ముందుగా ఏమి చేస్తారని విలేకరులు పదే పదే అడగడం, క్వేల్ ఎక్కువగా తన అనుభవం, అర్హతల గురించే చెప్పుకుంటూ పోవడం, ఆ క్రమంలోనే కెనెడీ ప్రస్తావన రావడం తెలుస్తాయి. ఆ ప్రశ్నలు వింటున్నంతసేపూ నాకు క్వేల్ కంటే ఆయనను ఎంపిక చేసిన అధ్యక్ష అభ్యర్థి జార్జ్ బుష్ (సీనియర్) విచక్షణే పరీక్షకు నిలిచినట్లు అనిపించింది. అయినా బుష్ 40 రాష్ట్రాలు గెలిచారు. బెంట్సన్ సొంత రాష్ట్రమైన టెక్సస్ కూడా బుష్‌కే దక్కింది.

2008 ఆగస్టు 29న, తన 72వ పుట్టినరోజున, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ డేటన్ సభలో సారా పేలిన్‌ను తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. ఆ సభలోని ఉత్సాహాన్ని, అక్టోబరు 2న డెమొక్రటిక్ ఉపాధ్యక్ష అభ్యర్థి జో బైడెన్‌తో ఆమె చర్చను వెంటవెంటనే చూడడం మంచిది. పార్టీ అభిమానులకు హుషారునిచ్చిన ఎంపికే, ఆయన వయసును దృష్టిలో పెట్టుకున్న ఇతర ఓటర్లలో సందేహాలు ఎందుకు రేపిందో అప్పుడు అర్థమవుతుంది.

2024 జూలై 17న మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ జాతీయ సభలో ఉషా వాన్స్, ఆ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి అయిన తన భర్త జె.డి. వాన్స్‌ను పరిచయం చేసిన ప్రసంగం తెలుగువారికి ప్రత్యేకం. ఆమె తల్లిదండ్రుల మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. మనవాళ్ల సంతోషం సహజమే కానీ, ఆ సంతోషాన్ని ఓటుగా లెక్కగట్టడం తొందరపాటని నా అభిప్రాయం.

ఈ లైబ్రరీకి పరిమితులూ ఉన్నాయి. వీడియో పక్కన కనిపించే పాఠం సరిదిద్దని క్యాప్షన్ల నుంచి తీసుకున్నది కనుక, వెతుక్కోవడానికి పనికివస్తుంది కానీ, స్వయంగా వినకుండా దానిని ఉటంకించకూడదు. ఓటర్ల స్పందన కొలిచే సర్వేలు ఇందులో దొరకవు. వాటికోసం అమెరికన్ నేషనల్ ఎలక్షన్ స్టడీస్ వంటి చోట్ల వెతకాలి. అటువంటి సర్వేలను పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్తలు క్రిస్టఫర్ డివైన్, కైల్ కాప్కో, ఉపాధ్యక్ష అభ్యర్థి నేరుగా తెచ్చే ఓట్ల కంటే, అధ్యక్ష అభ్యర్థి మీద ఓటరుకు కలిగే అభిప్రాయాన్ని మార్చడం ద్వారా చూపే ప్రభావమే ముఖ్యమని తేల్చారు. ఆ మాటను మనసులో ఉంచుకుని, ముందుగా ఒమాహా చర్చను పూర్తిగా చూడమని కొత్తవారికి నా సూచన.