సూపర్‌మ్యాన్–స్పైడర్‌మ్యానా, బ్యాట్‌మ్యాన్–హల్కా: ముందు ఏది చదవాలి?

అమెరికాలో పోటీ ప్రచురణ సంస్థలైన మార్వెల్, డీసీల హీరోలు కలిసిన కామిక్స్‌లో దేనితో మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు లోటు లేదు. ఒక్క సంచికలోనే కథ ముగిసిపోయే పాతవాటిలో అసలు పోటీ రెండింటి మధ్యే: 1976లో వచ్చిన సూపర్‌మ్యాన్–స్పైడర్‌మ్యాన్, 1981లో వచ్చిన బ్యాట్‌మ్యాన్–హల్క్.

ఈ తరహా కథకు ఒక తంతు ఉంది. హీరోలిద్దరూ ఎదురుపడగానే అపార్థంతో కొట్టుకుంటారు, ఆ తర్వాత చేతులు కలుపుతారు. విలన్ ఎవరన్నది నాకు అంత ముఖ్యం కాదు. బలంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నవాళ్లను రచయిత ఎలా తలపడనిచ్చాడన్నదే సంచికను నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది.

1976 సంచికలో రచయిత జెర్రీ కాన్వే ఆ చిక్కును బయటి సాయంతో దాటేశాడు. సూపర్‌మ్యాన్ శత్రువు లూథర్ చాటుగా, సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే ఎర్ర సూర్యుడి కిరణాలను స్పైడర్‌మ్యాన్ మీద ప్రయోగిస్తాడు, దాంతో అతని దెబ్బలు సూపర్‌మ్యాన్‌కు తగులుతాయి. ప్రభావం తగ్గాక కొడుతున్నవాడి చేతులే నొప్పెడతాయి. ఆ కొట్లాటలో గొప్ప క్షణం వేరే ఉంది: కోపంతో గుద్దబోయిన సూపర్‌మ్యాన్ చివరి క్షణంలో చెయ్యి ఆపుకుంటాడు. పిడికిలి తగలకపోయినా ఆ గాలికే స్పైడర్‌మ్యాన్ ఎగిరిపోతాడు. తేడా ఎంతో ఆ ఒక్క దృశ్యం చెప్పేస్తుంది. అలాంటప్పుడు కిరణాల తతంగం ఎందుకో!

అయితే బొమ్మలు గీసిన రాస్ ఆండ్రూ నగరాన్ని పై నుంచి చూపించే తీరుకు వంక పెట్టలేం. సూపర్‌మ్యాన్ పనిచేసే టీవీ సంస్థ అధిపతి మోర్గాన్ ఎడ్జ్, స్పైడర్‌మ్యాన్ పనిచేసే పత్రిక అధిపతి జేమ్సన్ కలిసి తమ ఉద్యోగుల మీద వాపోయే ముచ్చట కూడా బాగా పండింది.

1981 సంచికలో బ్యాట్‌మ్యాన్‌కు రచయిత లెన్ వీన్ ఏ అరువు బలమూ ఇవ్వలేదు. అతను మత్తు గ్యాస్ వదిలితే హల్క్ ఊపిరి బిగబట్టేస్తాడు. ఇక బ్యాట్‌మ్యాన్‌కు కావలసింది హల్క్‌ను పడగొట్టడం కాదు, ఒక్కసారి ఊపిరి పీల్చేలా చేయడం. అందుకే పక్కటెముకలు కలిసే చోటికి కిందుగా, ఊపిరి సలపకుండా చేసే జాగా చూసి కాలితో ఒక్క తన్ను తంతాడు. హల్క్ ఉలిక్కిపడి గాలి పీలుస్తాడు, గ్యాస్ మిగతా పని కానిస్తుంది. మామూలు మనిషి రాక్షసబలాన్ని గెలవాలంటే ఇలాగే గెలవాలి. గార్సియా లోపెజ్ బొమ్మల్లో హల్క్ కండల బరువు కళ్లకు కడుతుంది కాబట్టి ఆ తన్ను మరింత నమ్మబుద్ధేస్తుంది. లోపం లేకపోలేదు: వాస్తవాన్ని మార్చగల విశ్వజీవి షేపర్ ఆఫ్ వరల్డ్స్ పాత్ర ఈ కథలో ఇమడలేదు, ద్వితీయార్ధం జారింది. అయినా ముగింపులోనూ అదే సూత్రం పనిచేస్తుంది. వాస్తవాన్నే మార్చే శక్తి చేతికొచ్చిన జోకర్‌ను, ఇంకా పిచ్చిగా ఊహించమని బ్యాట్‌మ్యాన్ రెచ్చగొట్టి రెచ్చగొట్టి అలసిపోయేలా చేస్తాడు. నా ఓటు దీనికే.

1981లోనే వచ్చిన రెండో సూపర్‌మ్యాన్–స్పైడర్‌మ్యాన్‌లో మార్వెల్ విలన్ డాక్టర్ డూమ్ ఉన్నాడు, జాన్ బుసేమా బొమ్మలున్నాయి. మిగతావి చదివాక తీరిక దొరికితే చూడొచ్చు.

1982 నాటి ఎక్స్‌మెన్–టీన్ టైటన్స్‌లో కలిసేవి రెండు హీరోల జట్లు. ఇక్కడ కూడా ఇరుపక్షాలూ మొదటి నుంచీ ఒకే లోకంలో ఉన్నట్టు రచయిత క్లేర్‌మాంట్ రాసేశాడు, కాబట్టి ‘మీరెక్కడి నుంచి వచ్చారు’ అన్న సంజాయిషీలే లేవు. డీసీ విలన్ డార్క్‌సైడ్, మార్వెల్ డార్క్ ఫీనిక్స్‌ల జోడీ చక్కగా అతికింది.

కొనే ముందు సైజు చూసుకోండి. ఎక్స్‌మెన్–టైటన్స్ తప్ప మిగతా మూడూ సుమారు 10 అంగుళాల వెడల్పు, 13 అంగుళాలకు పైగా ఎత్తు ఉండే ట్రెజరీ పుస్తకాలుగా వచ్చాయి. మామూలు కామిక్ ఎత్తు పది అంగుళాల పైచిలుకే, అంటే ఆ సైజు పునర్ముద్రణలో బొమ్మ ముప్పావు వంతుకు తగ్గుతుంది, మాటల బుడగలు ఇరుకవుతాయి. ఎక్కువ దెబ్బ తినేది ఆండ్రూ నగర దృశ్యాలే. ఎక్స్‌మెన్–టైటన్స్ మొదటే మామూలు సైజులో వచ్చింది గనుక దానికి నష్టం లేదు. చేతిలో చిన్న సైజు సంపుటి మాత్రమే ఉంటే అందులో ఎక్స్‌మెన్–టైటన్స్‌తోనే మొదలుపెట్టండి.