షీల్డ్స్ అప్: బయటి నుంచి పోర్టులు తట్టి చూసే ఉచిత సైట్

గిబ్సన్ రీసెర్చ్ వాళ్ల ఈ సైట్‌కి పైసా కట్టక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. పోర్టులంటే నెట్ కనెక్షన్‌కి ఉండే, నంబర్లు వేసిన తలుపుల్లాంటివి. ‘ఆల్ సర్వీస్ పోర్ట్స్’ నొక్కితే 0 నుంచి 1055 వరకు పోర్టుల్ని తట్టి చూసి గళ్లలో రంగులు నింపుతుంది. ఎరుపంటే తెరిచి ఉంది, నీలమంటే మూసి ఉంది, ఆకుపచ్చంటే అసలు జవాబే రాలేదు. మా ఇంట్లో అంతా ఆకుపచ్చే! అయినా అప్పుడే మురిసిపోకండి. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే అడ్రస్‌ని) ఎందరికో పంచుతాయి. అలాంటప్పుడు పరీక్ష జరిగేది వాళ్ల పరికరానికి, మన రౌటర్‌కి కాదు. రౌటర్ సెట్టింగ్స్ పేజీలోని వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్), సైట్ చూపించే ఐపీ ఒకటేనా అని ముందు చూసుకోండి.

మన కంప్యూటర్ లోపలి సంగతి ఈ సైట్‌కి తెలియదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో netstat -an (కంప్యూటర్‌లోని కనెక్షన్లు, పోర్టులు చూపించే కమాండ్) కొడితే నా ల్యాప్‌టాప్‌లో ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు లిజనింగ్‌లోనే, అంటే కనెక్షన్ల కోసం తెరుచుకునే ఉంది. సైట్ డిజైన్ మాత్రం మరీ పాతకాలంది.