ఫైఫాక్స్ యాప్‌తో ఫిజిక్స్ ప్రయోగాలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్‌ని హైస్కూల్ పిల్లలతో కొన్నేళ్లుగా వాడిస్తున్నాను. డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్‌లోని సెన్సర్లు ఏం కొలుస్తున్నాయో అప్పటికప్పుడు గ్రాఫ్ గీసి చూపిస్తుంది.

నేను ఎప్పుడూ మొదలుపెట్టేది ఒకే ప్రయోగంతో. ఫోన్‌ని బల్లమీద వెల్లకిలా పెట్టి, 'గురుత్వంతో కలిపి త్వరణం' చూపించేదాన్ని తెరవమంటాను. నిలువు అక్షం మీద 9.8 దగ్గర గీత నిలబడుతుంది. "కదలని ఫోన్‌కి త్వరణం ఏంటండీ?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పను, ఫోన్‌ని మెత్తటి దిండు మీదికి జారవిడవమంటాను. గాలిలో ఉన్న ఆ కాస్త సేపూ గీత సున్నాకి పడిపోతుంది, దిండు తగలగానే నిటారుగా లేస్తుంది. అప్పుడు చెబుతాను: చిప్ లోపల సన్నని స్ప్రింగుల మీద చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది. సెన్సర్ కొలిచేది ఆ స్ప్రింగులు ఎంత వంగాయో అంతే. బల్ల కిందినుంచి ఫోన్‌ని నెడుతుంటే అవి వంగుతాయి. అన్నీ కలిసి పడిపోతుంటే వంగవు. భారరహిత స్థితిని బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేసి చెప్పినా ఇంత స్పష్టంగా ఎక్కదు. ఈ ఒక్క పాఠం కోసమైనా ఈ యాప్ పెట్టుకోవచ్చు.

ధ్వని వేగం కొలవడం కూడా చాలా బాగా వస్తుంది. రెండు ఫోన్లు 5 మీటర్ల దూరంలో, పక్కన ఒక్కొక్కరు. రెండింట్లోనూ చప్పుడుతో మొదలై, మళ్లీ చప్పుడుతో ఆగే యాప్ స్టాప్‌వాచ్ తెరిచి ఉంటుంది. మొదటివాళ్ల చప్పటతో రెండు స్టాప్‌వాచ్‌లూ మొదలవుతాయి, రెండోవాళ్ల చప్పటతో రెండూ ఆగుతాయి. రెండు ఫోన్లలోని సమయాల తేడా దాదాపు 0.029 సెకన్లు, ధ్వని 10 మీటర్లు వెళ్లడానికి పట్టే కాలం అది. రెండోవాళ్లు ఆలస్యంగా చప్పట కొట్టినా లెక్క ఎందుకు చెడదో పిల్లల చేతే రాబట్టండి, అందులోనే అసలు భౌతికశాస్త్రం ఉంది. కాకపోతే ఒకసారికి ఒక జట్టే చేయాలి. గదిలో ఇంకెవరు మాట్లాడినా స్టాప్‌వాచ్ కదిలిపోతుంది.

లోలకం, బంతి ఎగిరిపడటం, తిరిగే కుర్చీ మీద అభికేంద్ర త్వరణం, ఇవన్నీ నమ్మకంగా పనిచేస్తాయి.

ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. భూమి అయస్కాంత క్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాలే కాబట్టి అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు, ఇనుప బల్ల ఆ క్షేత్రపు కొలతల్ని పాడుచేస్తాయి. కవరు తీయించి, చెక్కబల్ల మీదే చేయించండి. సెన్సర్ సాధారణంగా ఫోన్ మధ్యలో ఉండదు, అదెక్కడుందో ముందు వెతికించాలి. గాలి పీడనం కొలిచే సెన్సర్ చాలా ఫోన్లలో అసలే లేదు. త్వరణం నుంచి వేగాన్నీ దూరాన్నీ లెక్కకట్టే ప్రయత్నం మాత్రం వద్దనే చెబుతాను. చిన్న చిన్న దోషాలు కూడుకుంటూ పోయి, కదలని ఫోన్ కూడా నడిచి వెళ్లినట్టు చూపిస్తుంది.

ధ్వని ప్రయోగానికి తప్ప జట్టుకి ఒక ఫోన్ చాలు. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే వైఫైలో ఉంటే ఫోన్‌లోని గ్రాఫ్ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కనిపిస్తుంది, ప్రొజెక్టర్ మీద అందరూ చూడొచ్చు. బడి వైఫై ఒప్పుకోకపోతే హాట్‌స్పాట్ పెట్టుకోండి. కొలతల్ని ఎక్సెల్‌కి పంపే సదుపాయం ఉన్నా, మొదటి కొన్ని వారాలు గ్రాఫ్ కాగితం మీద చేత్తోనే గీయిస్తాను.