పాత మస్టాంగ్‌కి పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ 1281: పాయింట్లు విప్పే ముందు మీటర్ పట్టండి

289, 302 క్యూబిక్ అంగుళాల ఇంజిన్లున్న పాత ఫోర్డ్ మస్టాంగ్‌లో పాయింట్ల బాధ (నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కి కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే చిన్న స్విచ్చే ఈ పాయింట్లు) వదిలించుకోవడానికి అన్నిటికంటే తక్కువ పనితో అయ్యే దారి, వాటి బదులు పెట్టే పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ అనే ఎలక్ట్రానిక్ కిట్. ఫోర్డ్ వీ8లో ఒకే జత పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్‌కి (నిప్పురవ్వను వంతులవారీగా ప్లగ్గులకు పంచే భాగం) 1281 నంబరు కిట్ సరిపోతుంది. 289 హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్‌లో వచ్చిన రెండు జతల పాయింట్ల డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం ఇది కాదు, ఆర్డర్ పెట్టే ముందు మూత ఎత్తి చూసుకోండి. కొనదగ్గ వస్తువేనా అంటే, కచ్చితంగా కొనదగ్గదే. కానీ "పెట్టిన నెలకే పోయింది" అని చెప్పేవాళ్ల కార్లలో చాలావాటికి అసలు జబ్బు కిట్‌లో ఉండదు, దానికి కరెంటు ఇచ్చే తీగలో ఉంటుంది. అందుకే ఇక్కడ కిట్ గురించి ఎంతో, తీగ గురించి అంతకంటే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

ముందు పాయింట్ల సంగతి. వీ8 ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే నిమిషానికి 20,000 నిప్పురవ్వలు కావాలి. అన్నిసార్లూ ఆ చిన్న ఇనుప నాలుక తెరుచుకుని మూసుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది కామ్‌కి రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ పాయింట్ల గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే వ్యవధి) పెరుగుతుంది, టైమింగ్ (నిప్పురవ్వ పడే క్షణం) వెనక్కి జరుగుతుంది. ఇంజిన్ నీరసించిందని కార్బురేటర్ విప్పేవాళ్లలో సగం మంది నిజానికి ఈ అరుగుదలతోనే పోరాడుతుంటారు. ఇగ్నైటర్‌లో రాసుకునే భాగమే లేదు. ఎనిమిది అయస్కాంతాలున్న స్లీవ్ కామ్ మీద కూర్చుంటుంది, పక్కనే ఉన్న మాడ్యూల్‌లోని హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే భాగం) ఒక్కో అయస్కాంతం దాటినప్పుడల్లా కాయిల్‌కి కరెంటు ఆపుతుంది. అంతా పాత మూత కిందే ఇమిడిపోతుంది, బయటి నుంచి చూస్తే రెండు తీగలు తప్ప తేడా కనిపించదు. మన ఊళ్లలో పాత అంబాసిడర్ మెకానిక్కులు డెల్కో అని పిలిచేది ఈ డిస్ట్రిబ్యూటర్‌నే. లోపల జరిగే పని అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక తీగ. ఆ కాలపు ఫోర్డ్‌లో కీ స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే గులాబీ రంగు తీగ మామూలు రాగి తీగ కాదు, అది రెసిస్టెన్స్ తీగ. పాయింట్లు మాడకుండా కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించడమే దాని పని. స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రం సోలినాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్) మీద ఐ అని ఉన్న టెర్మినల్ నుంచి వేరే తీగ నిండు బ్యాటరీ వోల్టేజీ ఇస్తుంది. ఇప్పుడు కిట్ ఎర్ర తీగను నేరుగా కాయిల్ ప్లస్‌కి తగిలించారనుకోండి. స్టార్టర్ తిప్పుతున్నంతసేపూ అంతా బాగుంటుంది, ఇంజిన్ అందుకుంటుంది. కీ వదలగానే వోల్టేజీ పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నడుస్తుంది. అరగంట తిరిగాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఇంజిన్ వేడికి కాయిల్, తీగ, మాడ్యూల్ అన్నీ కాగి ఉన్నప్పుడు మిస్ ఫైర్ మొదలవుతుంది. చల్లారితే మళ్లీ మామూలే. మాడ్యూల్ చెడిందని ఇంకోటి తెప్పిస్తారు, దానికీ అదే గతి.

కాబట్టి పాయింట్లు ఇంకా లోపల ఉండగానే మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి. కాయిల్ ప్లస్ మీద ఒక ముల్లు, ఇంజిన్ బ్లాక్ మీద ఇంకోటి. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్. పాయింట్లు మూసుకుని ఉండాలి, ఇది మరిచిపోతే పరీక్షే తప్పు. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటు పారదు, కరెంటు పారకపోతే రెసిస్టెన్స్ తీగలో వోల్టేజీ పడదు, మీటర్ 12 చూపించి మోసం చేస్తుంది. మూసి ఉన్నప్పుడు 5 నుంచి 8 వోల్టుల మధ్య చూపిస్తే రెసిస్టెన్స్ తీగ ఉన్నట్టే. అప్పుడు కూడా 12 దగ్గర ఉంటే, పాత యజమాని ఎవరో దాన్ని ఎప్పుడో తప్పించేశారన్నమాట. కొలత కాగానే కీ ఆఫ్ చేయండి.

రెసిస్టెన్స్ తీగ ఉంటే రెండు మార్గాలు. ఒకటి, ఎర్ర తీగను ఆ తీగకు ముందు, కీ స్విచ్ వైపు తగిలించడం. అలా తగిలించిన చోట కీ రన్‌లో ఉన్నప్పుడూ, స్టార్టర్ తిరుగుతున్నప్పుడూ కూడా వోల్టేజీ నిలుస్తోందా అని రెండుసార్లు చూడాలి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో పడిపోతే బండి అందుకోనే అందుకోదు, లేదా కీ వదలగానే ఆగిపోతుంది.

రెండోది రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. నాకు నచ్చిన పద్ధతి ఇదే. నాలుగు కాళ్ల 30 ఆంపియర్ రిలే ఒకటి తీసుకోండి. దాని కాళ్ల దగ్గర అంకెలు రాసి ఉంటాయి. కాయిల్ ప్లస్‌కి వచ్చే పాత తీగను అక్కణ్నుంచి విప్పి రిలే 86కి, 85ను బాడీ ఎర్త్‌కి. సోలినాయిడ్ బ్యాటరీ బోల్టు నుంచి 14 గేజ్ తీగను, బోల్టుకు దగ్గర్లోనే 15 ఆంపియర్ ఫ్యూజు వేసి, 30కి. 87 నుంచి కాయిల్ ప్లస్‌కీ, కిట్ ఎర్ర తీగకీ. రిలేను లాగడానికి చాలా కొద్ది కరెంటు చాలు కనుక రెసిస్టెన్స్ తీగ అడ్డు రాదు. ఐ టెర్మినల్ తీగ కూడా అదే తీగలో కలుస్తుంది కనుక స్టార్టర్ తిరిగేటప్పుడూ రిలే పట్టే ఉంటుంది. ఫ్యాక్టరీ టాకోమీటర్ ఉన్న కార్లలో మాత్రం ఈ పద్ధతి వద్దు. ఆ మీటర్ కాయిల్ కరెంటు తన గుండా పారితేనే చదువుతుంది. కరెంటు రిలే దారి పట్టిందంటే ముల్లు లేవదు.

నిండు 12 వోల్టులు ఇచ్చాక కాయిల్ సంగతి చూడాలి. మొదటి తరం ఇగ్నైటర్‌కి (1281 ఇదే) వీ8 మీద కాయిల్ ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ కనీసం 1.5 ఓములు ఉండాలి. తీగలన్నీ విప్పి ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి, మీటర్ ముళ్లు రెండూ కలిపినప్పుడు చూపించే అంకెను తీసేయండి. 1.5 ఓముల మీద 12 వోల్టులంటే 8 ఆంపియర్లు. 0.6 ఓముల కాయిల్ పెడితే లెక్క ప్రకారం 20 ఆంపియర్లు లాగుతుంది, మాడ్యూల్ బతకదు. 0.6 ఓముల కాయిల్ కావాలనుకునేవాళ్లు ఇగ్నైటర్ 2 కొనాలి. అది అవసరాన్ని బట్టి డ్వెల్ తనే సర్దుకుంటుంది, తీగలు తారుమారైతే కాపాడే ఏర్పాటు కూడా దాంట్లో ఉంది. ఇగ్నైటర్ 3లో ఒకే స్ట్రోక్‌కి పలు స్పార్కులు, రెవ్ లిమిటర్ వస్తాయి. స్టాక్ 289తో ఆదివారం బయటికి తీసే బండికి అవి అక్కర్లేదు.

ఎర్త్ కూడా వోల్టేజీ అంత ముఖ్యమే. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) లాగినప్పుడల్లా డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటు కదులుతుంది, దాన్ని బాడీకి కలిపే చిన్న అల్లిక తీగ ఒకటి ఉంటుంది. యాభై ఏళ్లు దాటిన కార్లలో దాని పోచలు తెగి, గుడ్డ తొడుగు మాత్రమే మిగిలి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది. మీటర్ ఒక ముల్లు ప్లేటు మీద, ఇంకోటి బ్లాక్ మీద పెట్టి, ప్లేటును వేలితో అటూ ఇటూ తిప్పండి. 0.2 ఓము దాటినా, అంకె ఎగిరెగిరి పడినా ఆ తీగ మార్చాలి. అలాగే షాఫ్ట్ కొసను పట్టుకుని పక్కకు ఊపండి. లొడలొడలాడితే ముందు బుష్‌లు మార్పించండి, లేకపోతే స్లీవ్ వెళ్లి మాడ్యూల్‌కి తగులుతుంది.

బిగించే పని ఇంతా చేస్తే గంట. బ్యాటరీ మైనస్ విప్పండి. మూత, రోటర్, పాయింట్లు, కండెన్సర్ తీసేయండి, ప్లేటు మీది జిడ్డు తుడవండి. పాత స్క్రూ రంధ్రాల్లోనే మాడ్యూల్ ప్లేటు కూర్చుంటుంది. స్లీవ్ లోపల ఎనిమిది ముఖాలుంటాయి, అవి కామ్ ముఖాలతో కలిసేదాకా మెల్లగా తిప్పి కిందికి నొక్కాలి. సుత్తి ముట్టుకోవద్దు. స్లీవ్ పూర్తిగా దిగకపోతే దాని మీద రోటర్ ఎత్తుగా నిలిచి, మొదటి క్రాంక్‌కే మూతలో తగిలి విరుగుతుంది. మాడ్యూల్‌కి, స్లీవ్‌కి మధ్య గ్యాప్ 0.030 అంగుళం. తీగలను రబ్బరు గ్రామెట్ గుండా బయటికి తీసేటప్పుడు లోపల కాస్త వదులు ఉంచాలి. ప్లేటు కదిలినా లాగుడు పడకూడదు, లేకపోతే కొన్ని నెలలకు తొడుగు లోపలే తీగ తెగుతుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది నల్ల తీగ దగ్గర. నలుపు కనిపించగానే ఎర్త్ అనుకుని బాడీకి బిగిస్తారు. కాదు, నల్ల తీగ కాయిల్ మైనస్‌కి వెళ్లాలి. మాడ్యూల్‌కి ఎర్త్ ప్లేటు ద్వారానే అందుతుంది. రాగి కోర్ ప్లగ్ తీగలు ఉంటే అవీ తీసేయండి, వాటి నుంచి వచ్చే రేడియో రొద హాల్ సెన్సర్‌ని తికమక పెడుతుంది. ఆ రొదను అణిచే సప్రెషన్ తీగలే వాడాలి. ప్లగ్ గ్యాప్ 0.035 ఉంటే 0.040 దాకా పెంచుకోవచ్చు.

ఇదివరకటి టైమింగ్ ఇక పనికిరాదు, ఎందుకంటే పాయింట్లు తెరుచుకునే చోటూ, అయస్కాంతం దాటే చోటూ ఒకటి కావు. వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసేసి, టైమింగ్ లైట్‌తో మళ్లీ పెట్టుకోండి. రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న స్టాక్ 289కి, పిస్టన్ పైకొసకు చేరడానికి 6 డిగ్రీలు ముందు. ఫోర్డ్ రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది కనుక, డిస్ట్రిబ్యూటర్‌ని గడియారం దిశలో తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది. పని పూర్తయ్యాక బండిని బాగా కాగనిచ్చి, ఐడిల్‌లో ఎర్ర తీగ దగ్గర వోల్టేజీ ఇంకోసారి చూడండి. 12కి తగ్గకూడదు.

లోపాలు లేవని కాదు. మొదటి తరం మాడ్యూల్‌కి కీ ఆన్‌లో ఉంచి ఇంజిన్ ఆపేయడం పడదు. కరెంటు పారే చోట స్లీవ్ ఆగిందంటే కాయిల్, మాడ్యూల్ రెండూ కాగిపోతాయి. కారులో కూర్చుని పాటలు వినాలంటే కీని యాక్సెసరీ వైపే తిప్పాలి, ఇంట్లో పిల్లలకి కూడా ఈ మాట చెప్పి ఉంచాలి. ఇంకోటి, పాయింట్లు వారాల ముందు నుంచే మూలుగుతూ చెబుతాయి, మాడ్యూల్ పోతే ముందస్తు సూచన లేకుండా పోవచ్చు. పవర్ పెరుగుతుందని కూడా ఆశించవద్దు, కొత్త పాయింట్లు సరిగ్గా సెట్ చేసిన ఇంజిన్ ఎంత లాగుతుందో ఇదీ అంతే లాగుతుంది. తేడా ఏమిటంటే, ఇది ఆ స్థితిలోనే ఉండిపోతుంది.

ఇక్కడ అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇదే తెప్పించుకోవచ్చా అంటే, కుదరదు. నాలుగు సిలిండర్లకు నాలుగు అయస్కాంతాల కిట్, 3 ఓముల కాయిల్ కావాలి.

విప్పిన పాయింట్లు, కండెన్సర్, వాటి స్క్రూలు పారేయకండి. ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, చిన్న స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్‌తో కలిపి గ్లోవ్ బాక్సులో పెట్టండి. దారిలో మాడ్యూల్ పోతే 0.017 అంగుళం గ్యాప్ పెట్టి ఇల్లు చేరవచ్చు. రిలే పెట్టినవాళ్లు ఆ రోజుకు పాత తీగను రిలే నుంచి విప్పి మళ్లీ కాయిల్ ప్లస్‌కే తగిలించి నడపాలి, నిండు 12 వోల్టులకు ఆ పాయింట్లు ఎక్కువ దూరం రావు.