అరకు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోకండి

ఒడిశాలో రాయగడలో ఉంటున్న నాకు డిసెంబరు వచ్చిందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. విజయనగరం నుంచి, విశాఖ నుంచి చుట్టాలు. "అరకు వస్తున్నాం, నువ్వూ రా!" తీరా వెళ్తే ఘాట్ రోడ్డు మీద రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చోవడం, బొంగు చికెన్ కోసం వరసలో నిలబడటం, వలిసె పూల చేలో ఇరవై రూపాయలిచ్చి ఫొటో దిగడం. మొన్న మా మేనమామ కొడుకు ఫోన్ చేస్తే ఖరాఖండీగా చెప్పేశాను. "అరకు నువ్వు చూడందేటి బావా? ఇంకాస్త పైకి రా. దేవ్‌మాలి ఎక్కుదాం."

కోరాపుట్ జిల్లాలో పొట్టంగి వైపు ఉంది దేవ్‌మాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో దాన్ని మించిన కొండ లేదు. ఆ మాట అనగానే బావ ఫోన్‌లో వెతికి, "మన అరమకొండ 1,680. ఎనిమిది మీటర్లు మాదే ఎక్కువ" అన్నాడు. మూడు రోజులూ ఆ ఎనిమిది మీటర్లు మమ్మల్ని వదల్లేదు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. సిమిలిగుడ అని రైల్వే స్టేషన్ ఒకటుంది, అరకు పక్కన, ఆంధ్రాలోనే. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్ అని పేరు. దేవ్‌మాలి వెళ్ళేవాళ్ళు దిగాల్సిన సెమిలిగుడ అది కాదు, ఒడిశాలో హైవే మీద ఉన్న ఊరు. మా అక్క (బావ భార్య) ఆ స్టేషన్‌కి టికెట్లు చూసిపెట్టింది. నేను ఒకసారి అడిగాను కాబట్టి సరిపోయింది. రైల్లో రావాలంటే విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసెంజర్ ఎక్కి కోరాపుట్‌లో దిగాలి. అద్దాల బోగీ అరకు దాకానే కానీ, ఆ తర్వాత దారి కూడా తక్కువేం కాదు.

చివరికి వాళ్ళు కారులోనే వచ్చారు. సాలూరు దాటాక సుంకి ఘాట్, అక్కణ్ణించి పొట్టంగి, సెమిలిగుడ. 26వ నంబరు జాతీయ రహదారి. రోడ్డు బాగానే ఉంది, లారీల వెనక చిక్కుకుంటే మాత్రం ఓపిక కావాలి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దని నా సలహా. మలుపుల్లో పొగమంచు దిగితే ఎదురుగా వచ్చే బండి లైటు కూడా దగ్గరికొచ్చేదాకా కనపడదు. నేను రాయగడ నుంచి రైల్లో వచ్చాను. ఆ లైన్లో సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎప్పుడూ మధ్యలో నిద్రపోతాను.

ఇక బస. ఇక్కడే మేం దెబ్బతిన్నాం. మొదటి రాత్రి కొండ కింద ఒక టెంట్ క్యాంపు బుక్ చేశాం, మనిషికి 1,800, భోజనంతో. పేరు చెప్పను. ఫొటోల్లో టెంటు కొండ కొసన ఉంది, ముందు మంట, పైన చుక్కలు. వెళ్ళి చూస్తే రోడ్డు పక్క చదును చేసిన మడి, వరసగా పాతిక టెంట్లు, మధ్యలో రెండు సౌండ్ బాక్సులు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. ఆపమని అడిగితే "గెస్టులు ఎంజాయ్ చేస్తున్నారు సార్" అన్నాడు. మరి మేమెవరం? తెల్లారేసరికి టెంటు లోపలివైపు మంచు నీళ్ళు కారి దుప్పట్లు తడిసిపోయాయి. వేడినీళ్ళంటే మనిషికో చెంబు. భోజనం మాత్రం బాగుంది, ఆ మాట దాచకూడదు. వేడి వేడి అన్నం, దాల్మా (కూరగాయలేసిన ఒడియా పప్పు), నాటుకోడి కూర.

రెండో రాత్రికి కోరాపుట్‌లో లాడ్జి తీసుకున్నాం. నలుగురికి ఒక పెద్ద గది, 1,600. గోడలు కాస్త మాసి ఉన్నాయి, టీవీ లేదు, గీజర్ ఉంది. ఆ చలిలో గీజర్ ఉన్నదే రాజభవనం. సెమిలిగుడకి అక్కణ్ణించి ఇరవై కిలోమీటర్లలోపే. పొద్దున నాలుగున్నరకి బయల్దేరితే సూర్యోదయానికి కొండ మీదుంటారు. టెంట్‌లో పడుకున్నా లేవాల్సింది ఆ వేళకే. కాబట్టి పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే లాడ్జే మేలు. సెమిలిగుడ పక్కనే సునాబేడలో హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో చుట్టాలుంటే ఇంకా మంచిది. అక్కడ తెలుగువాళ్ళకి కొదవ లేదు, ఇడ్లీ చట్నీ కూడా దొరుకుతాయి.

దేవ్‌మాలికి దాదాపు శిఖరం దాకా రోడ్డుంది. అదే దాని వరం, అదే దాని శాపం. కారులో వెళ్ళి, దిగి, సెల్ఫీ తీసుకుని, పది నిమిషాల్లో "ఇంతేనా?" అనేవాళ్ళని కళ్ళారా చూశాను. రెండో రోజు పొద్దున మేం కింది ఊళ్ళోనే కారు ఆపేశాం. ఊరి కుర్రాడొకడు దారి చూపడానికి వచ్చాడు, నాలుగు వందలకి. పోడు చేల పక్కనుంచి, తర్వాత గడ్డి గట్ల వెంట, రెండు గంటల పైన నడక. కష్టమైన ఎక్కుడు కాదు కానీ నీడ తక్కువ, పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పోయి ఉత్త గడ్డే. మంచుకి తడిసిన ఆ గడ్డి మీద స్పోర్ట్స్ షూ జారుతుంది. బావ రెండుసార్లు కూలబడ్డాడు. కుర్రాడు హవాయి చెప్పుల్లో ముందు నడుస్తూ వెనక్కి చూసి నవ్వుకున్నాడు.

సగం ఎక్కాక ఎండొచ్చింది. కింద లోయంతా మంచు కప్పేసి ఉంది. మేం బయల్దేరిన ఊరు లేదు. బావ కూతురు తొమ్మిదో తరగతి. అది బండమీద కూర్చుని చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. "వినండి మావయ్యా." మంచు కిందనుంచి కోడి కూసింది. తర్వాత ఎవరో అమ్మ ఎవరో పిల్లాణ్ణి కేకేస్తోంది, ఇంత స్పష్టంగా. ఊరు కనపడదు, మాట మాత్రం వినపడుతోంది. అక్కడే అరగంట కూర్చుండిపోయాం. శిఖరం మీద గాలి, జనం, ప్లాస్టిక్ కప్పులు. నన్నడిగితే సగం దారిలో ఆ బండే దేవ్‌మాలి.

దిగి తిన్నగా కుందులి సంతకి వెళ్ళాం. శుక్రవారం అయ్యేలా మొదట్నించీ లెక్క వేసుకుని వచ్చాను, మీరూ అలాగే వేసుకోండి. అల్లం బస్తాలు, చిక్కుళ్ళు, సామలు, చోళ్ళు (రాగులు). కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. దాని అర్థం బోర్డు మీద చదివితే తెలియదు, ఇక్కడ ఒక్క ముసలమ్మ ముందు నాలుగు రకాల చోళ్ళ కుప్పలు చూస్తే తెలుస్తుంది. ఆమెది దేశియా, ఇక్కడి ఒడియా యాస, మా అక్కది విజయనగరం తెలుగు. కాటా లేదు, డబ్బా కొలత. అక్క "కొసరెయ్యమ్మా" అంటే ఆమెకి మాట అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది. ఇంకో గుప్పెడు పోసింది. పక్కనే మండియా పేజ్ అమ్ముతున్నారు, మన చోడి అంబలే. ఎక్కి దిగిన కాళ్ళకి ఒక లోటా తాగితే ప్రాణం లేచొచ్చింది.

కోరాపుట్‌లో జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం అంటారు, పక్కనే గిరిజన మ్యూజియం. సాయంత్రం గంటన్నర చాలు.

మూడో రోజు దుడుమ జలపాతం. మాచ్‌ఖండ్ నది దాదాపు 175 మీటర్ల లోతుకి దూకే చోటు. ఆ నీటితోనే ఆంధ్రా, ఒడిశా ఉమ్మడి కరెంటు కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. కాబట్టి మీరు వెళ్ళేసరికి ఎంత నీరుంటుందో మీ అదృష్టం. మాకు సన్నటి ధారే దక్కింది. బావ మొహం చిన్నబుచ్చుకున్నాడు. లోయ మాత్రం చూసి తీరాల్సిందే. వర్షాలు ఆగిన అక్టోబరులో అయితే నీళ్ళూ ఉంటాయి, కొండలూ పచ్చగా ఉంటాయి, జనమూ తక్కువ. ఆ వేళ గడ్డిలో జలగలుంటాయి, జేబులో ఉప్పు పొట్లం పెట్టుకోండి.

జయపురంలో జీపు మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు దుడుమ, గుప్తేశ్వరం గుహ రెండూ ఒక్కరోజులో చూపిస్తాను, అయిదు వందలు ఎక్కువివ్వండి అన్నాడు. రెండూ రెండు దిక్కులు. ఒప్పుకోకండి. మేం దుడుమ ఒక్కటే చూసి, చీకటి పడకముందే సుంకి ఘాట్ దిగాలని బావ వాళ్ళని పంపించేశాను. సాలూరు చేరాక ఫోన్ చేశాడు. చోళ్ళ సంచి లాడ్జిలో మర్చిపోయారట.