భారజల రియాక్టర్ గొట్టానికి ఏది మేలు: జిర్కలాయ్-2 నా, నయోబియం కలిపిన జిర్కోనియమా?

హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) తయారయ్యే ప్రెషర్ ట్యూబుల, అంటే రియాక్టర్‌లో ఇంధనాన్నీ వేడి భారజలాన్నీ మోసే గొట్టాల, మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. జిర్కలాయ్ అనే జిర్కోనియం మిశ్రమం తుప్పుకు తట్టుకుంటుంది, న్యూట్రాన్లను పెద్దగా మింగదు, మరి దాన్ని పక్కనపెట్టి నయోబియం మిశ్రమం ఎందుకు పట్టుకున్నారని. చాలామంది చెప్పే జవాబు బలం. రెండున్నర శాతం నయోబియం కలిపితే గొట్టం గట్టిపడుతుంది, గోడ మందం కాస్త తగ్గించుకోవచ్చు, ఆ మేరకు న్యూట్రాన్లు మిగులుతాయి. నిజమే. అయితే బలం కోసమే అయితే, నడుస్తున్న రియాక్టర్‌ను ఏళ్ల తరబడి ఆపి, 306 గొట్టాలూ పీకి కొత్తవి వేసే పని ఎవరు పెట్టుకుంటారు? నా దృష్టిలో తేల్చేది డ్యుటీరియం, అంటే భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్. గొట్టం ఎంత తాగుతుంది, తాగినదాన్ని ఎక్కడ పోగేసుకుంటుంది అన్నదే.

గొట్టం లోపల 250 నుంచి 290 డిగ్రీల పైచిలుకు వేడితో భారజలం పారుతూ ఉంటుంది. దానితో చర్య జరిపి జిర్కోనియం ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. ఆ చర్యలో విడిపోయిన డ్యుటీరియంలో కొంత లోహంలోకి దిగుతుంది. 300 డిగ్రీల దగ్గర జిర్కోనియం సుమారు 60 పీపీఎం (పది లక్షల్లో 60 వంతులు) హైడ్రోజన్‌ను కరిగించుకోగలదు. గది ఉష్ణోగ్రతకు దిగితే ఒక్క పీపీఎం కూడా పట్టదు. మిగిలిందంతా జిర్కోనియంతో కలిసి హైడ్రైడ్ పలకలుగా విడిపోతుంది. అవి పెళుసు, పైగా లోహం కన్నా 15 శాతానికి పైగా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. వేడి మీద ఉన్నన్నాళ్లూ నిక్షేపంగా ఉన్న గొట్టానికి షట్‌డౌన్‌లో చల్లారేటప్పుడు గండం వచ్చేది అందుకే.

లెక్కల్లో ఒక చిన్న మెలిక ఉంది. పీపీఎం అనేది బరువు లెక్క. డ్యుటీరియం పరమాణువు బరువు హైడ్రోజన్‌కు రెట్టింపు కాబట్టి, డ్యుటీరియం అంకెను సగం చేసి, తయారీలోనే లోహంలో మిగిలిపోయిన హైడ్రోజన్‌కు కలుపుతారు. 40 పీపీఎం డ్యుటీరియం, 10 పీపీఎం హైడ్రోజన్ ఉంటే 'సమాన హైడ్రోజన్' 30 అన్నమాట. ఈ సగం చేయడం మరిచిపోయి రెండు గొట్టాలను పోల్చితే తీర్పు తలకిందులవుతుంది.

ఇక తాగుడు సంగతి. జిర్కలాయ్-2 లో తగరం, ఇనుము, క్రోమియంతో పాటు కొద్దిగా నికెల్ ఉంటుంది. హైడ్రోజన్‌ను లోపలికి రానివ్వడంలో ఆ నికెల్ చేయి పెద్దది. మొదటి కొన్నేళ్లు ఈ గొట్టం బుద్ధిగానే ఉంటుంది. సుమారు పదేళ్లు గడిచాక ఆక్సైడ్ పొర స్వభావం మారి, తుప్పూ డ్యుటీరియం చేరికా రెండూ వేగం అందుకుంటాయి. నయోబియం మిశ్రమంలో చేరిక నెమ్మదిగా, దాదాపు ఒకే తీరుగా సాగుతుంది, మొత్తంగా చూస్తే కొన్ని రెట్లు తక్కువ. దానికి తోడు లోహాన్ని నాలుగుసార్లు వాక్యూమ్‌లో కరిగించే పద్ధతి వచ్చాక, మొదట్లోనే ఉండే హైడ్రోజన్ పరిమితిని 25 నుంచి 5 పీపీఎంకు దించగలిగారు.

ఎంత చేరిందన్న దానికన్నా ఎక్కడికి చేరిందన్నది ఇంకా ముఖ్యం. లోహంలో కరిగిన హైడ్రోజన్ ఉన్నచోట కూర్చోదు. లాగుడు ఒత్తిడి ఉన్న చోటికీ, చల్లని చోటికీ నడుస్తుంది. చల్లని చెంబు చుట్టూ నీటిబొట్లు చేరినట్టు, గొట్టంలో ఏ చోటు చల్లబడితే అక్కడ పోగవుతుంది. ప్రెషర్ ట్యూబ్ చుట్టూ కలాండ్రియా ట్యూబ్ అనే మరో గొట్టం ఉంటుంది, దాని అవతల 70 డిగ్రీల దరిదాపుల్లో మోడరేటర్, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం. రెండు గొట్టాలూ తగలకుండా మధ్యలో గార్టర్ స్ప్రింగులు పెడతారు. స్ప్రింగు జరిగిందంటే లోపలి గొట్టం ఒంగి బయటిదానికి తగులుతుంది, తగిలినచోట హైడ్రైడ్ బొబ్బ లేస్తుంది. కెనడాలోని పికరింగ్ రెండో యూనిట్‌లో 1983 ఆగస్టు 1న జరిగింది ఇదే. జి16 అనే జిర్కలాయ్-2 గొట్టం, ముందుగా కారుతున్న జాడేమీ లేకుండా, సుమారు రెండు మీటర్ల పొడవున చీలిపోయింది. ముందు కారి తర్వాత విరుగుతుంది, ఆలోగా పట్టుకోవచ్చన్న ధీమాకు పెద్ద దెబ్బ తగిలింది అప్పుడే.

జిర్కలాయ్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. హైడ్రైడ్ వల్ల మొదలైన పగులు ఒకసారి కదిలిందంటే నయోబియం గొట్టంలోనే వేగంగా పాకుతుంది. ఆ లోహం గట్టిది కాబట్టి పగులు మొనలో ఒత్తిడి ఎక్కువ. రేణువుల మధ్య ఉండే, నయోబియం ఎక్కువున్న బీటా పొర హైడ్రోజన్‌కు రాచబాట. 1974లో పికరింగ్ మూడో యూనిట్‌లో కారిన గొట్టాలు నయోబియంవే. చివర స్టీలు ఫిటింగులో రోల్ చేసి బిగించేటప్పుడు హద్దు దాటి రోల్ చేశారు, అక్కడ మిగిలిన ఒత్తిడి దగ్గరికి హైడ్రోజన్ చేరింది. గొట్టం, ఫిటింగు కలిసే ఆ కీలు ఇప్పటికీ బలహీనమైన చోటే. 2021లో బ్రూస్ కేంద్రంలో, భారజలం బయటికొచ్చే వైపు కీలు దగ్గర, సమాన హైడ్రోజన్ 120 పీపీఎం హద్దు దాటినట్టు బయటపడింది. మన కాక్రపార్ ఒకటో యూనిట్‌లో 2016 మార్చి 11న కారినదీ కొత్త మిశ్రమపు గొట్టమే, కాకపోతే అక్కడ తుప్పు మొదలైంది గొట్టం బయటి వైపు నుంచి.

ఇవన్నీ చూశాక కూడా నా ఓటు నయోబియానికే. కీలును సరిగ్గా రోల్ చేయడం, స్ప్రింగును బిగువుగా నిలపడం మనిషి చేతిలో ఉన్న పనులు. పదేళ్లు దాటాక డ్యుటీరియాన్ని గబగబా తాగే లోహగుణాన్ని రియాక్టర్‌లో కూర్చోబెట్టాక ఎవరూ మార్చలేరు. రాజస్థాన్ రెండో యూనిటూ, మద్రాసు, నరోరా యూనిట్లూ, కాక్రపార్ ఒకటో యూనిటూ జిర్కలాయ్-2 తో మొదలై, తర్వాత గొట్టాలన్నీ మార్పించుకున్నాయి. ఆ మార్పిడిని మొదట చవిచూసింది 1990ల్లో రాజస్థాన్ రెండో యూనిట్. కాక్రపార్ రెండో యూనిట్ నుంచి మొదటినుంచే నయోబియం మిశ్రమం, గొట్టానికి బిగువైన స్ప్రింగులు నాలుగేసి. 392 ఛానళ్ల 700 మెగావాట్ల యూనిట్లలోనూ అదే మిశ్రమం.

జిర్కలాయ్-4 సంగతేమిటని కూడా అడుగుతుంటారు. నికెల్ తీసేశారు కాబట్టి హైడ్రోజన్ తక్కువ పడుతుంది, కొన్నేళ్లకే బయటికొచ్చేసే ఇంధన కడ్డీల తొడుగుకు బాగుంది, దశాబ్దాలు నిలవాల్సిన ప్రెషర్ ట్యూబుకు ఆ బలం చాలదు. స్టెయిన్‌లెస్ స్టీలు న్యూట్రాన్లను మింగేస్తుంది, సహజ యురేనియంతో నడిచే రియాక్టర్ గర్భంలో దానికి చోటు లేదు.