ఆఫీసులో 9 బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే మోటారువి) పెట్టించి ఏడాది దాటింది, ఎలా ఉన్నాయంటే

మాది శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఆడిటర్ ఆఫీసు, పన్నెండు మందిమి ఉంటాం, పై అంతస్తు, నెత్తిమీద శ్లాబు, మధ్యాహ్నం నుంచి పడమటెండ. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున తొమ్మిదిన్నరకి వేసిన ఫ్యాను రాత్రి తాళం వేసేదాకా ఆగదు. కరెంటు వృథా తగ్గించాలని మా సారు చాలా రోజుల్నుంచి అంటూనే ఉన్నారు, స్విచ్‌బోర్డుల పక్కన కాగితాలు అంటించాం, టీకి పేపర్ కప్పులు మానేసి స్టీలు గ్లాసులు తెచ్చాం (పేపర్ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పొరే ఉంటాది, ఇది చాలామందికి తెలీదు). గ్లాసులు మంచి పనే, చెత్తబుట్ట సగమైంది. కానీ కరెంటు బిల్లు మాత్రం కదల్లేదు, ఎందుకు కదల్లేదా అని ఒకరోజు కూర్చుని లెక్కేస్తే రోజంతా తిరిగే ఫ్యాన్లే ఎక్కువ తాగేస్తున్నాయి. అందుకే వాటిని మార్చేశాం.

పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీది ఫుల్ స్పీడులో 30 దరిదాపుల్లో. తేడా 45 వాట్లు, తొమ్మిది ఫ్యాన్లు, రోజుకి తొమ్మిది గంటలు, నెలకి పాతిక రోజులు, అంటే 90 యూనిట్లు. మాది కమర్షియల్ మీటరు, మాకు యూనిట్ తొమ్మిది రూపాయల లెక్కన పడింది, కాబట్టి నెలకి ఎనిమిది వందలు. బిల్లులో నిజంగా తగ్గింది కూడా ఎండాకాలం నెలల్లో 80 యూనిట్లకి అటూ ఇటూగా. మామూలు ఫ్యాను కంటే ఒక్కోదానికి పదమూడు వందలు ఎక్కువ పెట్టాం, చలికాలం నెలలు తీసేస్తే ఆ ఎక్కువ డబ్బు ఏడాదిన్నరలో వచ్చేస్తుంది.

గాలి విషయంలో నాకూ అనుమానం ఉండేది. ఇంత తక్కువ కరెంటుకి గాలేం వస్తాదని మా అటెండరు మామ్మ కూడా మొదటిరోజు ఫ్యాను కింద నిలబడి "ఏటి బాబూ, ఇది తిరుగుతోందా, సప్పుడే నేదు" అంది. గాలికి లోటు లేదు, చప్పుడు మాత్రం నిజంగానే లేదు, ఫోన్లో క్లయింటుతో మాట్లాడుతుంటే ఆ హాయి తెలుస్తుంది. నాకు బాగా నచ్చింది ఇన్వర్టర్ సంగతి. తుఫాను గాలి లేస్తే మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో చెప్పలేం, ఇదివరకు గంటన్నరకే ఇన్వర్టర్ బీప్ బీప్‌మని మొదలెట్టేది, ఇప్పుడు అదే బ్యాటరీ మీద మూడు గంటలు దాటినా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రిటర్నులు వేసే ఆఖరి రోజుల్లో దాని విలువ మాకు తెలుసు.

ఇక ఇబ్బందులు. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పాత రెగ్యులేటర్లు తియ్యకుండా వాటికే కలిపేశాడు. రెండోరోజు కిటికీ పక్క ఫ్యాను ర్ ర్ మని ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగి, చిన్న లైటు ఆరిపోయి వెలుగుతా ఉంది. ఈ ఫ్యాన్లలో రిమోట్ నొక్కితే స్పీడు మార్చేది లోపలున్న కార్డే (సర్క్యూట్ బోర్డు), బయట రెగ్యులేటర్ ఉండకూడదు, వైరు డైరెక్టుగా స్విచ్చుకే రావాలి. ఇంకొకణ్ని పిలిచి అన్నీ తీయించాం, మళ్లీ కూలి దండగ. మీరు పెట్టిస్తుంటే పక్కనే నిలబడి రెగ్యులేటర్ తీసేదాకా కదలకండి.

జూలైలో పిడుగులు పడ్డ రోజు ఒక ఫ్యాను కార్డు పోయింది. వారంటీ ఉంది, కంప్లయింట్ పెట్టాం, విశాఖపట్నం నుంచి మనిషి రావడానికి పదకొండు రోజులు, రోజూ ఫోను, రోజూ "రేపు సార్". ఆ పదకొండు రోజులూ ఆ ఫ్యాను కింద కూర్చునే అమ్మాయి చెమటలు కక్కుకుంటూ పనిచేసింది, ఆ కంపెనీ మీద నాకింకా కోపం పోలేదు. అందుకే కొనేముందు స్టార్లు, వారంటీ ఎన్నేళ్లు అని చూసి ఊరుకోకుండా శ్రీకాకుళంలో సర్వీసు మనిషి ఉన్నాడా లేదా అని షాపువాణ్ని గట్టిగా అడగండి. స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి తప్పనిసరి, అది లేని డబ్బా అయితే ముట్టుకోవద్దు.

రిమోట్లు తొమ్మిదీ ఒకేలా ఉంటాయి, ఒకటి నొక్కితే పక్క ఫ్యాను ఆగిపోయేది. మామ్మ వాటికి రంగు దారాలు కట్టి స్విచ్‌బోర్డు పక్క మేకులకి తగిలించింది, ఎర్రదారం సారు రూము, పచ్చదారం కిటికీ పక్కది. అప్పట్నుంచి గొడవ లేదు.

పాత ఫ్యాన్లలో బాగున్నవి నాలుగు, ఫ్యానే లేని ఇళ్లకి ఇచ్చేశాం, మిగతావి పాత సామాన్లవాడికి, రాగి తీగ ఉంటుంది కాబట్టి మంచి రేటే ఇచ్చాడు. కాలిపోయిన కార్డు మాత్రం చెత్తలో వెయ్యలేదు, ఎలక్ట్రానిక్ చెత్త ఇంటి చెత్తతో కలపకూడదు, పాత కీబోర్డుల డబ్బాలో పడేసి ఉంచాం.

రికార్డు రూములో ఇంకా రెండు పాత ఫ్యాన్లున్నాయి. రోజుకి అరగంట కూడా తిరగవు, వాటిని మార్చితే ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు, అందుకని వాటి జోలికి పోలేదు.